కడబంతి లేని బల్ల

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫరవాలేదంటుంది సామెత. పైకి భోజనం మాటే అయినా, కూర్చోవడం గురించి మన సమాజం వేసుకున్న లెక్కంతా అందులో ఉంది. బంతులకు వరస ఉంటుంది. మొదటి బంతికి వేడి అన్నం మీద నెయ్యి ధారగా పడుతుంది, కడబంతికి వచ్చేసరికి గిన్నె అడుగు కనిపిస్తుంది. ఏ బంతిలో ఎవరికి ఆకు వేశారో చూస్తే ఊళ్ళో ఎవరి స్థాయి ఏమిటో విడిగా అడగనక్కర్లేదు. ఆ వరసను దాటిపోయే దొడ్డిదారి ఒకటుందనీ, అది వడ్డించే చేతిలో ఉందనీ కూడా సామెత ఒప్పుకుంటుంది. ఈ రెండు సంగతులూ మనసులో పెట్టుకుని, బ్యాంకు ఉద్యోగానికి చదివే ప్రతి ఒక్కరికీ కంఠతా వచ్చిన ఒక వాక్యాన్ని చూడాలి: ఎనిమిదిమంది వ్యక్తులు ఒక వృత్తాకార బల్ల చుట్టూ కేంద్రం వైపు ముఖం పెట్టి కూర్చున్నారు, అయితే అదే క్రమంలో కానవసరం లేదు. కోచింగ్ సెంటర్లలో దీన్ని సీటింగ్ అరేంజ్‌మెంట్ అంటారు. దీని వెనకటి కథ వెతుక్కుంటూ పోతే మూడు వేర్వేరు గదుల్లో మూడు గుండ్రటి బల్లలు కనిపిస్తాయి. ఒకటి రాజుగారిది, ఒకటి గణితజ్ఞుడిది, ఒకటి పరీక్ష పెట్టేవాడిది. మూడింటినీ గుండ్రంగా చేయించిన అవసరం ఒకటేనని నా వాదన. ముందూ వెనకా లేకుండా చేయాలన్నదే ఆ అవసరం. మూడు చోట్లా ఆ పని సగమే జరిగింది. ముందువెనకలు బల్ల మీది నుంచి దిగి వడ్డించే చేతిలోకి చేరాయి.

మొదటి బల్ల సంగతి. నార్మన్ కవి వేస్ 1155లో ముగించిన ‘రోమన్ ద బ్రూట్’ కావ్యంలో ఆర్థర్ రాజు గుండ్రటి బల్ల మొదటిసారిగా కనిపిస్తుంది. కొలువులో ప్రతి వీరుడూ తానే గొప్పవాడిననుకుంటాడు, తక్కువ చోట కూర్చోవడానికి ఒక్కడూ ఒప్పుకోడు. అందుకని రాజు ఎవరూ పైన కూర్చున్నామని చెప్పుకోలేని బల్ల చేయించాడట. సుమారు అర్ధశతాబ్దం తరవాత ఇంగ్లిషులో ఈ కథను పెంచి రాసిన లయమన్ అంతటితో ఆగలేదు. క్రిస్మస్ విందులో చోటు కోసం మొదలైన తగవు రక్తపాతం దాకా వెళ్ళిందన్నాడు. కార్న్‌వాల్‌లో ఒక వడ్రంగి 1,600 మందికి పైగా పట్టే బల్ల చేసిస్తానన్నాడనీ రాశాడు. అంత బల్లను ఏ గదిలో వేస్తారో కవిగారు పట్టించుకోలేదు. ఇది కట్టుకథే అయినా, కథ పుట్టడానికి కారణమైన తగవు మాత్రం నిజమైనది. విందులో చోటు అన్నది మధ్యయుగపు కొలువుల్లో పరువుకు సంబంధించిన మాట. ఇప్పుడు ఆ గుండ్రటి బల్లకు తరవాత ఏమైందో చూద్దాం. 1200 ప్రాంతంలో వచ్చిన కథల్లోనే దాని చుట్టూ ఒక కుర్చీని ఖాళీగా ఉంచేశారు. అందరికంటే పవిత్రుడైన వీరుడొకడే అందులో కూర్చోవాలి, మరొకడు కూర్చుంటే నాశనమే. అంటే వృత్తంలో ఒక చోటు మిగతా చోట్లకంటే పైదైపోయింది. ఇంగ్లండులోని వించెస్టర్ కోటలో గోడకు వేలాడుతున్న ఓక్ బల్ల సాక్ష్యం ఇంకా గట్టిది. దాని వ్యాసం దాదాపు 5.5 మీటర్లు. చెక్క వయసు పరీక్షించి చూస్తే 13వ శతాబ్దం చివరిదని తేలింది. ఎనిమిదో హెన్రీ కాలంలో దానికి రంగులు వేసి 24 మంది వీరుల పేర్లు రాయించారు, ఇరవై అయిదో చోట సింహాసనం మీద కిరీటంతో రాజును చిత్రించారు. మొదలూ చివరా ఉండకూడదని కల్పించిన బల్లకు చిత్రకారుడు కుంచెతో ఒక తల పెట్టాడు.

వేస్ రాస్తున్న శతాబ్దంలోనే మన పల్నాట ఇదే చిక్కుకు మరో జవాబు చెప్పినట్టు వీరగాథలు చెబుతాయి. మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టించాడన్నది ఆ కథ, దాన్నే చాపకూడు అంటారు. కారెంపూడిలో ఏటా కార్తికంలో జరిగే వీరుల ఉత్సవాల్లో చాపకూడుకు ఇప్పటికీ ఒక రోజు ఉంది. చాపకు బల్లకున్నంత గుండ్రదనం ఉండనక్కర్లేదు. కానీ బ్రహ్మనాయుడి కథ పట్టించుకున్నది ఆకారాన్ని అసలు కాదు, ఎవరెవరు పక్కపక్కన కూర్చుంటారన్న సంగతిని. నా దృష్టిలో ఇది ఆర్థర్ కథకంటే లోతైన ఆలోచన. ఆర్థర్ వీరులందరూ ఒకే అంతస్తువాళ్ళు, తగవల్లా వాళ్ళలో వాళ్ళదే. బల్ల దాకా రానివ్వనివాళ్ళ ఊసు ఆ కథలో లేదు. చాపకూడు కథ మొదలయ్యేదే అక్కడ.

రాజకీయానికి ఆర్థర్ బల్లే నచ్చింది, పేరుతో సహా. 1930 నుంచి 1932 దాకా లండన్‌లో మూడు విడతలుగా భారత రాజ్యాంగ చర్చలు జరిగితే వాటికి రౌండ్ టేబుల్ సమావేశాలని పేరు పెట్టారు. పిలిచేవాడూ, ఎవరిని పిలవాలో నిర్ణయించేవాడూ ఒకడే అయినప్పుడు బల్ల ఆకారం ఎంత సమానత్వం తెస్తుందో మొదటి విడతకు కాంగ్రెస్ వెళ్ళకపోవడమే చెబుతుంది. ఆ తరవాత 1968 చివర్లో పారిస్‌లో వియత్నాం శాంతి చర్చలు బల్ల ఆకారం దగ్గరే వారాల తరబడి ఆగిపోయాయి. దక్షిణాదిన పోరాడుతున్న విముక్తి దళాన్ని వేరే పక్షంగా లెక్కించాలా వద్దా అన్నది అసలు తగవు. నలుచదరపు బల్లయితే లెక్కించినట్టు, రెండు వైపుల బల్లయితే లెక్కించనట్టు. 1969 జనవరిలో ఒక గుండ్రటి బల్ల, దానికి ఎదురెదురుగా గుమస్తాల కోసం రెండు చిన్న దీర్ఘచతురస్రపు బల్లలు వేసి, ఎవరికి నచ్చినట్టు వాళ్ళు అర్థం చేసుకోవచ్చనే రాజీతో బయటపడ్డారు. వృత్తానికి పక్షాలు లేవు. అందువల్లే అందరూ దానికి ఒప్పుకున్నారు, అందువల్లే పక్షాలను గుర్తుచేయడానికి పక్కన రెండు చిన్న బల్లలు కావలసి వచ్చాయి.

ఇక గణితజ్ఞుల గది. వస్తువులను ఎన్ని విధాలుగా అమర్చవచ్చో లెక్కించడం మనకు పాత విద్యే. వేస్ కావ్యానికి అయిదేళ్ళు ముందు, 1150 ప్రాంతంలో భాస్కరాచార్యుడు లీలావతిలో శివుడి పది చేతుల్లో పది వస్తువులను ఎన్ని రకాలుగా మార్చిమార్చి పెట్టవచ్చని అడిగి 36,28,800 అని జవాబిచ్చాడు. విష్ణువు నాలుగు చేతులకు 24. ఇక్కడ చేతులు వేటికవి వేరు, కాబట్టి ఇది వరసలో పెట్టడం లాంటిదే. అదే నలుగురిని గుండ్రటి బల్ల చుట్టూ కూర్చోబెడితే 24 కాస్తా 6 అయిపోతుంది. అందరూ ఒక్కో కుర్చీ పక్కకు జరిగినా ఎవరి పక్కన ఎవరున్నారన్నది మారదు గనక, అలాంటి నాలుగేసి అమరికలు ఒకటిగా కలిసిపోతాయి. మొదటి మనిషిని ఎక్కడైనా కూర్చోబెట్టు, లెక్క రెండో మనిషి నుంచి మొదలుపెట్టు అని బడిలో చెప్పే సూత్రం ఇదే. రాజుగారి తగవుకు గణితం చెప్పిన జవాబు ఎంత పొదుపైనదో చూడండి. మొదటి చోటు ఎవరిదన్న ప్రశ్నకు అర్థమే లేకుండా పోయింది, మిగిలిందల్లా ఎవరికి ఎవరు పక్కవారన్నదే.

ఫ్రెంచి గణితజ్ఞుడు ఎడ్వర్డ్ లూకా ఈ బల్లను విందు గదిలోకి తెచ్చాడు. 1883లో వచ్చిన వినోద గణిత సంపుటంలో, చేతులు పట్టుకుని గుండ్రంగా తిరిగే పిల్లలకు రోజూ కొత్త పక్కవాళ్ళు దొరికేలా ఎన్ని రోజులు ఆడించవచ్చన్న లెక్కను చర్చించాడు. 1891లో సంఖ్యాశాస్త్రం మీద రాసిన పుస్తకంలో ఇంకో మెలిక పెట్టాడు. కొన్ని జంటలు గుండ్రటి బల్ల చుట్టూ కూర్చోవాలి, ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఒకరి తరవాత ఒకరుగా ఉండాలి, ఏ భర్తా తన భార్య పక్కన ఉండకూడదు. కుర్చీలను విడివిడిగా గుర్తిస్తే మూడు జంటలకు 12 విధాలు, నాలుగింటికి 96, అయిదింటికి 3,120. ఆ ఏడే ఒక విందులో పనివాడి చేతిలోంచి జారిన పింగాణీ ముక్క చెంపకు గుచ్చుకుని, ఆ గాయం చీము పట్టి లూకా చనిపోయాడు. విందు లెక్క వేసినవాడిని విందే పొట్టన పెట్టుకుంది. ఆయన లెక్కకు తూషార్ 1934లో సూత్రం ఇచ్చాడు, కప్లాన్‌స్కీ 1943లో దాన్ని రుజువు చేశాడు. నా వాదనకు అన్నిటికంటే పనికొచ్చేది 1986లో బోగార్ట్, డాయిల్ అనే ఇద్దరు అమెరికన్లు రాసిన చిన్న వ్యాసం. అంతకు ముందు ఈ లెక్క పట్టినవాళ్ళంతా ముందు ఆడవాళ్ళను కూర్చోబెట్టి, ఆ తరవాత మగవాళ్ళను మధ్యమధ్యలో ఇరికించేవారు. పెద్దమనిషి తరహా మర్యాద అది. వీళ్ళిద్దరూ ఆ మర్యాదను పక్కన పెట్టి, ముందు జంటల చోట్లు ఎంచుకుంటే లెక్క తేలిగ్గా తేలిపోతుందని చూపించారు. మర్యాద వల్లనే లెక్క అన్నాళ్ళు కష్టంగా కనిపించిందని వాళ్ళ ఎత్తిపొడుపు. గుండ్రటి బల్ల మీద ముందువెనకలు పోయాయనుకుంటే, లెక్క వేసేవాడి అలవాటులో అవి మిగిలి ఉన్నాయన్నమాట.

లూకా అడిగింది ఎన్ని విధాలని. పరీక్షలో అడిగేది వేరు. ఇన్ని విధాల్లో చెప్పిన షరతులకు నిలబడేది ఏది, ఎవరి పక్కన ఎవరు అని. ఈ మలుపు గణితం నుంచి రాలేదు, పత్రికల్లో వినోదం కోసం వేసిన పొడుపుల నుంచి వచ్చింది. హెన్రీ డ్యూడెనీ 1930లో స్ట్రాండ్ పత్రికలో వేసిన రైలు సిబ్బంది పొడుపులో ముగ్గురు ఉద్యోగుల్లో ఎవరిది ఏ పనో చిన్నచిన్న ఆధారాలతో తేల్చాలి. 1962 డిసెంబరులో లైఫ్ ఇంటర్నేషనల్‌లో వచ్చిన అయిదు ఇళ్ళ పొడుపు, అదే జీబ్రా ఎవరిదన్నది, ఈ జాతికి పెద్దన్న. దాన్ని ఐన్‌స్టీన్ చిన్నప్పుడు తయారుచేశాడని మన దగ్గరా తెగ తిప్పుతుంటారు, అందుకు ఏ ఆధారమూ లేదు. అయితే ఆ ఇళ్ళు ఒక వరసలో ఉన్నాయి. వరసకు చివరలుంటాయి, ‘మొదటి ఇల్లు’ అనగానే ఒక మేకు దిగిపోతుంది. వృత్తంలో అలాంటి మేకు దొరకదు. ఎవరినో ఒకరిని మనమే మేకుగా చేసుకుని మిగతావాళ్ళను వాళ్ళను బట్టి కట్టుకుంటూ రావాలి. పరీక్షల్లో ఉత్తరం వైపు ముఖం పెట్టిన వరసలూ ఎదురెదురు వరసలూ కూడా అడుగుతారు కదా, వృత్తానికి ప్రత్యేకత ఏముందని ఎవరైనా అనవచ్చు. నిజమే, అడుగుతారు. కానీ వరస ప్రశ్నలో ‘చివరన కూర్చున్నాడు’ అన్న క్లూ దాదాపు తప్పనిసరి, అక్కడి నుంచే అందరూ మొదలుపెడతారు. ఆ ఊతం కూడా తీసేసి సంబంధాలు తప్ప మరేమీ మిగల్చని రూపం వృత్తమే.

ఇదెలా పనిచేస్తుందో ఒక చిన్న ఉదాహరణతో చూడవచ్చు. ఆరుగురు, పద్మ, రాజు, సీత, వెంకట్, లక్ష్మి, గోపి, కేంద్రం వైపు తిరిగి కూర్చున్నారు. పద్మకు సరిగ్గా ఎదురుగా రాజు ఉన్నాడు. పద్మకు ఎడమవైపు రెండో చోట సీత ఉంది. రాజుకు ఎడమపక్కనే గోపి. వెంకట్ సీత పక్కన లేడు. ఏ షరతూ లేనప్పుడు 120 అమరికలు సాధ్యం. పద్మను ఎక్కడో ఒక చోట కూర్చోబెడతాం, మొదటి క్లూతో రాజు చోటు తేలి 24 మిగులుతాయి, రెండోదానితో 6, మూడోదానితో 2, నాలుగోదానితో 1. పద్మ నుంచి ఎడమవైపుగా తిరిగి వస్తే పద్మ, లక్ష్మి, సీత, రాజు, గోపి, వెంకట్. ఇందులో బ్యాంకు లేదు, చరిత్ర లేదు, వర్తమాన వ్యవహారాలు లేవు. సీత ఎవరో, ఏ ఊరో తెలిసినా తెలియకపోయినా ఒకటే. ఎనిమిదిమంది అయితే 5,040 అమరికలు. వాళ్ళలో కొందరు లోపలికీ కొందరు బయటికీ తిరిగి ఉన్నారని మెలిక పెడితే ఒక్కొక్కరికీ రెండు అవకాశాల చొప్పున లెక్క 12,90,240కి చేరుతుంది. ప్రశ్న వేసేవాడు పేర్లు మార్చి, క్లూల వరస మార్చి ఎన్ని కావాలంటే అన్ని తయారుచేసుకోవచ్చు. ఒక సెట్టు కింద అయిదు ప్రశ్నలు వేయవచ్చు. జవాబు మీద ఎవరూ కోర్టుకెక్కలేరు, పాతబడిపోయే సమాచారమూ కాదు. పరీక్ష కార్యాలయానికి ఇంతకంటే అనువైన సరుకు దొరకడం కష్టం.

ఇక్కడ పరీక్ష కార్యాలయం చరిత్ర అవసరమవుతుంది. అమెరికాలో పైచదువుల ప్రవేశ పరీక్ష జీఆర్‌ఈలో 1977లో విశ్లేషణ విభాగం పెట్టారు. కొన్ని రకాల ప్రశ్నలకు తర్ఫీదు తీసుకుంటే మార్కులు ఇట్టే పెరుగుతున్నాయని తేలడంతో 1981లో వాటిని తీసేసి, షరతులు చెప్పి అమరిక అడిగేవాటినీ తర్కం ప్రశ్నలనూ ఉంచారు. 2002లో వాటినీ ఎత్తేసి వ్యాసరచన పెట్టారు. న్యాయవిద్య ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్‌లో 1982 నుంచి ఇవి ‘లాజిక్ గేమ్స్’ పేరుతో నాలుగు దశాబ్దాలు రాజ్యమేలాయి. వాటిని దించింది ఏ విద్యావేత్తల సంఘమూ కాదు, చూపులేని అభ్యర్థులు. బొమ్మ గీసుకోకుండా ఈ ప్రశ్నలు చేయడం దాదాపు అసాధ్యమనీ, బొమ్మ గీసి చూసుకోలేనివారికి ఇది తర్క పరీక్ష కాకుండా కళ్ళ పరీక్ష అవుతుందనీ వాళ్ళు కోర్టుకు వెళ్ళారు. 2019లో రాజీ కుదిరింది, 2024 ఆగస్టు నుంచి ఆ విభాగమే లేదు. పుట్టుకనూ చదివిన బడినీ పట్టించుకోని ప్రశ్న అని అందరూ నమ్మిన చోట, కాగితం మీద బొమ్మ చూసుకోగల కన్ను ఎవరూ గమనించని అర్హతగా కూర్చుని ఉంది.

మన దేశంలో కథ బ్యాంకుల జాతీయీకరణతో మొదలవుతుంది. 1969 జులై 19న 14 బ్యాంకులు, 1980 ఏప్రిల్ 15న మరో ఆరు ప్రభుత్వపరమయ్యాయి. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు ఆ రెండో విడతలోది. 1969లో దేశంలో ఉన్న బ్యాంకు శాఖలు 8,262. 1990లు మొదలయ్యేనాటికి అవి 60,000 దాకా చేరాయి. అన్ని కౌంటర్ల వెనక మనుషులు కావాలి. అప్పటిదాకా ప్రైవేటు యాజమాన్యాల కింద నడిచిన వ్యవస్థలో ఎవరి తాలూకు అన్న మాటకు ఎంత విలువ ఉంటుందో ఊహించుకోవచ్చు, వడ్డించేవాడు మనవాడైతే అన్న సామెత నియామకాలకూ సరిపోయేది. ఆ చేతిని తప్పించడానికి 1975లో జాతీయ బ్యాంకు యాజమాన్య సంస్థలో పరీక్షల విభాగం పెట్టారు. అది 1984లో ఐబీపీఎస్‌గా విడివడింది. 1978 నుంచి ప్రాంతాలవారీగా బ్యాంకింగ్ సర్వీస్ రిక్రూట్‌మెంట్ బోర్డులు పనిచేశాయి, 2001లో వాటిని మూసేశారు. తరవాత ఒక దశాబ్దం ఎవరి పరీక్ష వాళ్ళదే. 2011లో ఐబీపీఎస్ అందరికీ కలిపి ఒకే పరీక్ష పెట్టడంతో లక్షల దరఖాస్తులు ఒకే చోట పోగయ్యాయి. అంతమందిని మొదటి వడపోతలోనే తగ్గించాలి, మనిషి చేత్తో దిద్దకూడదు, ఏ డిగ్రీ చదివినవాడికీ మొగ్గు ఉండకూడదు. వృత్తాకార బల్ల ఆ అవసరంలోంచి మన పిల్లల నోటుబుక్కుల్లోకి వచ్చింది. ఇంజనీరింగ్ చదివినవాడూ తెలుగు సాహిత్యం చదివినవాడూ దాని ముందు ఒకటే, కనీసం కాగితం మీద.

కాగితం మీద అనడానికి కారణముంది. ఈ ప్రశ్న మొత్తం ఎడమ, కుడి అన్న రెండు మాటల మీద నిలబడి ఉంది. కేంద్రం వైపు తిరిగితే ఎడమ అంటే గడియారపు ముల్లు తిరిగే దిక్కు, బయటికి తిరిగితే అది కుడి అవుతుంది. మన బడి పుస్తకాలు ఆ దిక్కును సవ్యదిశ అంటాయి. తమాషా ఏమిటంటే సంస్కృతంలో సవ్యం అన్న మాటకు మొదటి అర్థం ఎడమ. లోపలికి తిరిగి కూర్చున్నవాళ్ళ వృత్తంలో సవ్యదిశ నిజంగానే ఎడమ దిక్కు. ఇలాంటి గుర్తు ఏ తెలుగు అభ్యర్థికైనా ఉచితంగా దొరకవలసింది, కానీ చాలాకాలం ఈ ప్రశ్న వాళ్ళకు తెలుగులో కనిపించలేదు. ప్రాంతీయ గ్రామీణ బ్యాంకుల పరీక్షలు తెలుగుతో సహా 13 భాషల్లో పెడతామని కేంద్రం ప్రకటించింది 2019లో. క్లర్కు పరీక్షకు ఆ సౌకర్యం 2021 నోటిఫికేషన్ల నుంచి వచ్చింది. అధికారి ఉద్యోగాలకు పెట్టే పీవో పరీక్ష ఇప్పటికీ హిందీ, ఇంగ్లిషుల్లోనే. తర్కానికి భాష ఏమిటన్న మాట ఇక్కడ చెల్లదు. ఇంగ్లిషు క్లూ ముందు సీత పేరు చెప్పి, ఆమె ఎక్కడుందో చెప్పి, చివరికి ఎవరిని బట్టో చెబుతుంది. తెలుగులో ‘పద్మకు ఎడమవైపు రెండో చోట సీత’ అంటాం. ఎవరిని ఆధారం చేసుకోవాలో వాళ్ళే ముందొస్తారు, వాక్యం నడిచిన వరసలోనే పెన్సిలు నడుస్తుంది. ముప్ఫై అయిదు రీజనింగ్ ప్రశ్నలకు 20 నిమిషాలు, అంటే ప్రశ్నకు 34 సెకన్లు ఉన్న చోట, తప్పుకు పావు మార్కు కోత ఉన్న చోట, వాక్యాన్ని తిరగేసి చదువుకోవలసినవాడికీ అక్కర్లేనివాడికీ మధ్య ఆ కాస్త తేడా కటాఫ్ దగ్గర చాలు.

ఇంత చెప్పాక ఎదురయ్యే ఆక్షేపణల్లో మొదటిది, ఈ మూడు బల్లలకూ అసలు చుట్టరికమే లేదన్నది. వేస్ కావ్యం చదివి లూకా లెక్క వేయలేదు, లూకాను చూసి ఐబీపీఎస్ ప్రశ్న రాయలేదు. ఒప్పుకుంటాను, వంశవృక్షం గీయడం నా ఉద్దేశం కాదు. ఒకే చిక్కు వచ్చిన చోటల్లా మనుషులు ఒకే పనిముట్టును అందుకున్నారన్నదే నేను చెబుతున్నది. కుమ్మరి సారె, బండి చక్రం ఒకదాన్ని చూసి ఒకటి పుట్టాయా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా, రెండూ గుండ్రంగానే ఉండాలన్న కారణాన్ని చర్చించవచ్చు. రెండో ఆక్షేపణ ఇంకా బలమైనది: బ్యాంకులో కూర్చున్నాక ఎవరికి ఎడమపక్కన ఎవరున్నారో ఏ ఖాతాదారూ అడగడు, ఈ పరీక్ష ఉద్యోగానికి పనికిరాదు అన్నది. పనికిరాకపోవడమే దాని గుణమని నా జవాబు. ఉద్యోగానికి నేరుగా పనికొచ్చే విషయం అడిగితే వాణిజ్యశాస్త్రం చదివినవాడికి, ఇంట్లో బ్యాంకు ఉద్యోగి ఉన్నవాడికి ముందు బంతి దొరుకుతుంది. ఎవరికీ ముందుగా తెలియని విషయం కావాలంటే అది ఎవరికీ అవసరం లేని విషయమై ఉండాలి.

మూడో ఆక్షేపణకు మాత్రం అంత సులువుగా జవాబు చెప్పలేను. ఎవరికీ ముందుగా తెలియదన్న మాట మొదటి ఏడాదే నిజం. రెండో ఏడాదికి అది నేర్పే విషయం అయిపోతుంది. తర్ఫీదుతో మార్కులు పెరుగుతున్నాయని అమెరికావాళ్ళు నాలుగేళ్ళలో కనిపెట్టారు, మనవాళ్ళు దాన్ని ఊరి పేరుగా మార్చుకున్నారు. బ్యాంకు కోచింగ్ అనగానే నంద్యాల గుర్తొస్తుంది, హైదరాబాదులో అయితే అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్. హాస్టలు గదులు, మెస్సులు, ఆదివారం మాక్ టెస్టులు, జిరాక్స్ షాపుల్లో కట్టలు కట్టిన పాత పేపర్లు, ఇవన్నీ ఆ గుండ్రటి బల్లను ఆనుకుని బతుకుతున్న వ్యాపారం. క్లూలు చదవగానే ముందు ఖాయమైనవి వేసుకో, ‘లేడు’ అన్న క్లూలు చివరికి ఉంచు, రెండు కేసులు వస్తే పక్కపక్కన రెండు వృత్తాలు గీసుకో, కోపం వచ్చిన సెట్టును వదిలెయ్ అని అక్కడ నేర్పుతారు. ఇందులో మోసం లేదు, ఇది నిజమైన విద్యే. ఏళ్ళ తరబడి రోజూ పదేసి సెట్లు చేసినవాడి చేతికి ఒక ఒడుపు వస్తుంది. ఆ ఒడుపు సంపాదించే రెండేళ్ళు ఇంటి దగ్గర డబ్బు అడగకుండా హాస్టల్లో ఎవరుండగలరన్నది మాత్రం వేరే ప్రశ్న. సిఫారసు చేతిని తప్పించిన పరీక్షలో వడ్డించే పని నెలనెలా హాస్టలు బిల్లు కట్టగల తండ్రికి వచ్చింది. సిఫారసు కాలంతో పోలిస్తే ఇది మెరుగని నేను గట్టిగానే అంటాను. కోచింగ్‌ను పొలం అమ్మి కొనుక్కోవచ్చు, అప్పు చేసి కొనుక్కోవచ్చు, లైబ్రరీలో కూర్చుని సొంతంగా సాధించుకున్నవాళ్ళూ ఉన్నారు. ఏ పొలం అమ్మినా కొనలేనిది మనవాడు అన్న మాట.

పరీక్ష పెట్టేవాళ్ళకు ఇదంతా తెలియక కాదు. ఆరుగురు చాలనుకున్న బల్ల ఎనిమిదిమందికి పెరిగింది, తరవాత కొందరు లోపలికీ కొందరు బయటికీ తిరిగారు, ప్రతి మనిషికీ ఒక ఊరూ ఒక వయసూ ఒక ఇష్టమైన రంగూ వచ్చి చేరాయి. కోచింగ్ సెంటర్లు ఒక్కో మెలికనూ ఒక్కో సీజనులో మింగేశాయి. ఈ మధ్య పేపర్లలో వస్తున్న కొత్త రకం మరీ విచిత్రమైనది. బల్ల చుట్టూ ఎంతమంది కూర్చున్నారో ముందు చెప్పరు, ‘కొంతమంది వ్యక్తులు’ అని మాత్రమే ఉంటుంది. ఎవరికీ ఎవరికీ మధ్య ఎంతమంది ఉన్నారో లెక్కేసుకుంటూ వస్తే చివరికి కుర్చీల సంఖ్య తేలుతుంది, వాటిలో కొన్నింటిలో ఎవరున్నారో ఎప్పటికీ తేలదు, అడగరు కూడా. లయమన్ వడ్రంగి తన బల్లకు 1,600 మంది పడతారని ముందే చెప్పాడు. ఈ బల్ల చుట్టూ ఎన్ని కుర్చీలున్నాయో పెన్సిలు పట్టుకున్న అభ్యర్థే తేల్చుకోవాలి, పేరు లేని కుర్చీలను కూడా కలుపుకుని.